గూడ్స్ యార్డుకు వెళ్లే బ్రాంచి లైను చరిత్రను రాబట్టడం ఎలా

జంక్షన్ దాటగానే పక్కకు తిరిగి గూడ్స్ షెడ్డుకో, ఓడరేవుకో, బొగ్గు గనికో వెళ్లే ఒంటి లైనుకు చరిత్ర రాసేవాళ్లు తక్కువ. మెయిన్ లైనుకు ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, పత్రికల్లో వార్త ఉంటుంది. గూడ్స్ లైనుకు ఇవేవీ ఉండవు. అందుకే దీని చరిత్రను వెతికే పద్ధతి వేరు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒక్కటే: "ఈ లైను ఎప్పుడు మొదలైంది?" అన్న ప్రశ్నకు ఒకే ఒక్క తేదీ వెతుక్కుంటూ తిరగడం. గూడ్స్ లైనుకు అలాంటి తేదీ ఒకటి ఉండదు. మంజూరైన తేదీ, భూమి తీసుకున్న తేదీ, కంకర బండి నడిచిన తేదీ, మొదటి సరుకు వెళ్లిన తేదీ, ప్రయాణికుల బండి వచ్చిన తేదీ (వస్తే), మూసిన తేదీ, పట్టాలు పీకిన తేదీ, ఇవన్నీ వేరువేరు. ఒక్కోటి ఒక్కో దఫ్తరంలో ఉంటుంది.

దీనికి చట్టంలోనే కారణం ఉంది. 1890 నాటి రైల్వే చట్టమైనా, 1989 చట్టమైనా, ప్రయాణికుల కోసం లైను తెరవాలంటేనే ముందు తనిఖీ, ప్రభుత్వ అనుమతి కావాలంటాయి. సరుకు మాత్రమే నడిచే లైనుకు ఆ తంతు అక్కర్లేదు. కాబట్టి రైల్వే భద్రతా కమిషనర్ కాగితాల్లో మీ లైను ప్రారంభం కనిపించకపోతే కంగారు పడొద్దు. అయితే ఆ లైను మెయిన్ లైను నుంచి చీలే చోట పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు తిప్పే పట్టాల అమరిక) పెట్టడం ప్రయాణికుల భద్రతకు సంబంధించిన పని. దానికి అనుమతి తీసుకుని తీరాలి. అంటే లైనుకు కాగితం లేకపోయినా, అది చీలిన చోటుకు ఉంటుంది. వెతుకులాట అక్కడినుంచే మొదలుపెట్టండి. ఇంకోమాట: రైల్వే భద్రతా కమిషనర్ అన్న పేరు 1961లో వచ్చింది. అంతకుముందరి కాగితాల్లో గవర్నమెంట్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ రైల్వేస్ పేరుతో చూడాలి.

ముందు హద్దులు తేల్చుకోండి

ఒక తెల్లకాగితం మీద లైను గీసి, దాని మీద మూడు చోట్లు గుర్తుపెట్టండి. ఒకటి, లైను చీలే పాయింట్లు. రెండు, రైల్వే బాధ్యత ముగిసి గనివాళ్లో, ఫ్యాక్టరీవాళ్లో, పోర్టువాళ్లో వ్యాగన్లు అందుకునే చోటు. మూడు, పట్టాలు ఆఖరయ్యే డెడ్ ఎండ్. రెండో చోటు చాలామందికి తట్టదు, కానీ అన్నిటికంటే అదే ముఖ్యం. అక్కడినుంచి అవతల ఉన్నది ప్రైవేటు సైడింగు, అంటే ఆ పార్టీ సొంత పక్క లైను. దాని ఖర్చు, మరమ్మతు, లెక్కలు పార్టీ పేరు మీద నడుస్తాయి. కాగితాలూ రెండు చోట్ల చీలిపోతాయి. రైల్వే ఆఫీసులో ఎంత వెతికినా దొరకని ప్లాను గని కంపెనీ సర్వే విభాగంలో దొరకడానికి కారణం ఇదే.

తర్వాత, ఇప్పుడు ఏది మెయిన్, ఏది బ్రాంచి అన్నదాన్ని వెనక్కి మోయకండి. డోర్నకల్ దగ్గర చూడండి. నిజాం హామీతో నడిచిన రైల్వే కంపెనీ సికింద్రాబాద్ నుంచి బెజవాడకు లైను వేస్తున్నప్పుడే, 1880ల చివర్లో, డోర్నకల్ నుంచి సింగరేణి గనులకు, అంటే నేటి ఇల్లందుకు, బొగ్గు కోసం బ్రాంచి వేసింది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ప్రాంతంలో బొగ్గు ఉందని తేల్చాడు. గనుల హక్కులు 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. రైలూ బొగ్గూ ఒకదాని కోసం ఒకటి వచ్చాయన్నమాట. తర్వాత గనులు కొత్తగూడెం వైపు జరిగాయి. 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడేనికి లైను పడింది. స్టేషన్ పేరు మాత్రం భద్రాచలం రోడ్. దాంతో అసలు బ్రాంచిగా మొదలైన ఇల్లందు ముక్క, కారేపల్లి దగ్గర బ్రాంచికి బ్రాంచి అయిపోయింది. ఇప్పటి మ్యాపు చూసి రాసేవాళ్లు కొత్తగూడెం లైనే మొదటిదనీ, ఇల్లందుది తర్వాత కలిపిన కొమ్మ అనీ అనుకుంటారు. వరస సరిగ్గా తలకిందులు. సరుకు ఎటు జరిగితే లైను పెద్దరికం అటు జరుగుతుంది. కాబట్టి ప్రతి కాలానికీ "అప్పుడు సరుకు ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది" అన్నది ముందు రాసుకోండి.

కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి

లైను చేతులు మారినప్పుడల్లా దస్త్రాలూ మారాయి. తెలుగు నేల మీద ముఖ్యంగా మూడు దారులు.

నిజాం రాజ్యంలోని లైన్లు చాలావరకు మొదట కంపెనీవి. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం తీసుకుంది. 1951 నవంబరు 5న సెంట్రల్ రైల్వేలో కలిశాయి, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేకి వచ్చాయి. మద్రాసు రాష్ట్రం వైపు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1944 ఏప్రిల్‌లో ప్రభుత్వపరమైంది. 1951 ఏప్రిల్ 14న సదరన్ రైల్వేగా మారింది. విజయవాడ చుట్టుపక్కల భాగం 1966లో దక్షిణ మధ్య రైల్వేకు చేరింది, గుంతకల్లు డివిజన్ మాత్రం 1977 అక్టోబరు 2 దాకా ఆగింది. వాల్తేరు వైపు బెంగాల్ నాగపూర్ రైల్వే 1944 అక్టోబరులో ప్రభుత్వం చేతికొచ్చి, ఈస్టర్న్ మీదుగా 1955 ఆగస్టు 1న సౌత్ ఈస్టర్న్ అయింది, 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే అయింది.

దీని వల్ల పనికొచ్చే సంగతి ఏమిటంటే, 1958 నాటి కొత్తగూడెం యార్డు ప్లాను మీద సెంట్రల్ రైల్వే ముద్ర ఉంటుంది, 1970 నాటి గుంతకల్లు ప్లాను మీద సదరన్ రైల్వే ముద్ర ఉంటుంది. ఏ సంవత్సరం కాగితం కావాలో తేల్చుకుని, ఆ ఏడాది ఆ లైను ఏ జోనులో ఉందో చూసి, అప్పుడు దరఖాస్తు పెట్టండి. విజయవాడ లాంటి చోట ఇంకా చిక్కు: నిజాం లైను, తూర్పు తీరపు లైను, గుంతకల్లు వైపునుంచి వచ్చిన మీటర్ గేజ్ లైను, మూడూ అక్కడ కలిశాయి. ఒక్క యార్డు చరిత్ర మూడు కంపెనీల కాగితాల్లో పడి ఉంటుంది.

దొరికితే ఎక్కువ చెప్పే పత్రాలు ఇవి. యార్డు స్కేల్ ప్లాను: దీన్ని ఇంజనీరింగ్ వాళ్లు ఈఎస్‌పీ (ఇంజనీరింగ్ స్కేల్ ప్లాన్) అంటారు. ప్రతి లైను నంబరు, పొడవు, పాయింట్ల కోణం, షెడ్డు, ర్యాంపు, వేబ్రిడ్జి అన్నీ ఇందులో ఉంటాయి. లాంగ్ సెక్షన్: నేల ఎత్తుపల్లాలు, వాలు, తూములు. స్టేషన్ వర్కింగ్ రూల్స్: ఏ లైనులో ఏ బండి పట్టాలి, షంటింగ్ (వ్యాగన్లను లైన్ల మధ్య జరపడం) ఎక్కడిదాకా చేయొచ్చు. వర్కింగ్ టైంటేబుల్: బండ్లు, వేగాలు, ఏ ఇంజన్లు ఆ లైనులోకి రావచ్చు. సైడింగు ఒప్పందం: ఎవరు ఎంత పెట్టారు, వ్యాగన్లు ఎక్కడ అప్పగిస్తారు.

వీటిలో వర్కింగ్ టైంటేబుల్‌ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పదేళ్ల తేడాతో మూడు నాలుగు సంచికలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక సంచికలో మీ లైను "ఒకే బండి" పద్ధతిలో నడుస్తుంది, అంటే లోపలికెళ్లిన బండి తిరిగొచ్చేదాకా ఇంకోటి వెళ్లదు. తర్వాతి సంచికలో మధ్యలో ఒక స్టేషన్ వెలుస్తుంది, టోకెన్ పద్ధతి (టోకెన్ చేతికందిన బండే ముందుకు కదలాలి) వస్తుంది. రోజుకు ఒక బండి నడిచే లైనుకు రెండో బండి కావాల్సి వచ్చిందని అర్థం. టన్నుల లెక్క ఎక్కడా దొరకనప్పుడు కూడా పని విధానంలో మార్పు ట్రాఫిక్ పెరిగిందనో తగ్గిందనో చెప్పేస్తుంది.

ప్లాన్లతో ఒక పెద్ద ప్రమాదం ఉంది. చాలా ప్లాన్లు ప్రతిపాదనలు. గీసినదంతా కట్టలేదు. ప్లానులో ఏ రంగు ఉన్నదానికి, ఏ రంగు కట్టబోయేదానికి, ఏది తీసేయబోయేదానికి అన్నది మూలనున్న సూచికలో ఉంటుంది, ముందు అది చదవండి. సంతకాల గడిలో "కంప్లీషన్ ప్లాన్" అని ఉంటేనే కట్టిందని నమ్మండి. లేకపోతే దాన్ని "ఫలానా సంవత్సరంలో ప్రతిపాదించారు" అని మాత్రమే రాయండి. నలుపు తెలుపు జిరాక్సులో రంగులు మాయమై, ఎప్పుడూ వేయని ఆరో లైను, ఏడో లైను యార్డు చరిత్రలోకి ఎక్కేస్తాయి. అసలు షీటు చూడండి, లేదా రంగు కాపీ అడగండి.

సమాచార హక్కు దరఖాస్తు పెడితే ప్రశ్నలు అడగొద్దు, పత్రం పేరు అడగండి. "ఈ లైను ఎప్పుడు వేశారు, ఎందుకు మూశారు" అంటే "సమాచారం అందుబాటులో లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "ఫలానా స్టేషన్ యార్డు 1975–85 మధ్య ఈఎస్‌పీ ప్రతి, ఫలానా సైడింగు ఒప్పందం ప్రతి" అంటే ఏదో ఒక ఫైలు తీయక తప్పదు. ఫీజు రూ.10, కాపీకి పేజీకి రూ.2, పెద్ద ప్లానుకు అసలు ఖర్చు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు. ఇప్పుడు వాడుకలో ఉన్న సిగ్నల్ ప్లాన్లను భద్రత కారణంగా ఇవ్వకపోవచ్చు. అందుకే పాతవి అడగండి: 20 ఏళ్లు దాటిన విషయాలకు చట్టంలో చాలా మినహాయింపులు వర్తించవు. ఇంజనీరింగ్, ఆపరేటింగ్, కమర్షియల్ విభాగాలకు వేరువేరు దరఖాస్తులు పెట్టడం మేలు. ఒకే దరఖాస్తులో కలిపితే అది బల్లల మధ్య తిరుగుతూ ఉండిపోతుంది.

1947కి ముందరి కాగితాలకు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం, దాని అభిలేఖ్ పటల్ పోర్టల్, చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ (మద్రాసు ప్రెసిడెన్సీ దస్త్రాలు అక్కడే), హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ చూడాలి. తార్నాకలో నిజాం కాలపు దస్త్రాలు చాలావరకు ఉర్దూ, పారశీకాల్లో ఉంటాయి. చదవగలిగినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి.

పేర్లు, సంవత్సరాలు, గొలుసులు

వెతికేటప్పుడు పాత పేర్లే వాడాలి: బెజవాడ, వాల్తేరు, కొకనాడ, మసూలిపటం, సింగరేణి. పాత పేరు తెలియకపోతే స్టేషన్ కోడ్ చూడండి, ఊరి పేరు మారినా కోడ్ సాధారణంగా మారదు. విజయవాడకు ఇప్పటికీ బీజెడ్ఏ, కాకినాడ పోర్టుకు సీఓఏ, మచిలీపట్నానికి ఎంటీఎం. ఇంగ్లిషు అక్షరక్రమం కూడా రెండు మూడు రకాలుగా వేసి వెతకాలి.

ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల) సంవత్సరం దగ్గర జాగ్రత్త. ఫసలీకి 590 కలిపితే అది మొదలయ్యే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. 1340 ఫసలీ అంటే 1930–31. కానీ నిజాం ఫసలీ అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది, మద్రాసు వైపు రెవెన్యూ ఫసలీ జులై 1న మొదలవుతుంది. రైల్వే వార్షిక నివేదికలు ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఆగస్టు 1930లో జరిగిన పని మద్రాసు రికార్డులో 1340, హైదరాబాద్ రికార్డులో 1339, రైల్వే నివేదికలో 1930–31. మూడూ ఒకే నెల. ఇది తెలియక ఒకే పనిని రెండుసార్లు జరిగినట్టు రాసిన వ్యాసాలున్నాయి. మూల పత్రంలో ఎలా ఉందో అలాగే ఒక గడిలో, మార్చిన తేదీ పక్క గడిలో రాసుకుంటే ఈ గొడవ ఉండదు.

దూరాలదీ ఇదే తంతు. పాత కాగితాల్లో మైళ్లు, గొలుసులు. గొలుసు అంటే 66 అడుగులు, మైలుకు 80. కానీ ఇంజనీర్లు 100 అడుగుల గొలుసూ వాడారు. ఏది వాడారో తేల్చడానికి సులువైన పద్ధతి ఉంది: మైలులో 100 అడుగుల గొలుసులు 52.8 మాత్రమే పడతాయి. కాబట్టి ఏదైనా మైలు తర్వాత గొలుసుల అంకె 53 కన్నా ఎక్కువ కనిపిస్తే అది 66 అడుగుల గొలుసే. ఒక పత్రంలో ఒక్క అంకె అలా దొరికినా మొత్తం పత్రానికి లెక్క తేలిపోతుంది.

మ్యాపుల మీద లైను

సర్వే ఆఫ్ ఇండియా అంగుళానికి మైలు షీట్లు (1:63,360), తర్వాతి 1:50,000 షీట్లు ప్రధాన ఆధారం. డిగ్రీ షీటు నంబరు పట్టుకుంటే పాతదీ కొత్తదీ కలిపి చూడటం తేలిక: హైదరాబాద్ 56కె, విజయవాడ 65డి, విశాఖ 65ఓ. 1950ల నాటి అమెరికా ఆర్మీ మ్యాపులు (1:250,000) టెక్సాస్ విశ్వవిద్యాలయ లైబ్రరీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. యార్డు వివరాలు వాటిలో రావు కానీ, లైను ఉందా లేదా అన్నది తెలుస్తుంది.

మ్యాపు కింద రెండు మూడు సంవత్సరాలు ఉంటాయి. ముద్రించిన ఏడాది వేరు, నేల మీద సర్వే చేసిన ఏడాది వేరు. 1944లో ముద్రించిన షీటుకు సర్వే 1920ల్లో జరిగి ఉండొచ్చు. రైల్వే లైన్లను మాత్రం మధ్యలో సవరించి ఉండొచ్చు. సర్వే ఏడాదినే ఆధారంగా పెట్టుకుని, రైల్వే సవరణ గురించి అంచులో ఏమైనా రాసి ఉందేమో చూడండి.

కాకినాడ–కోటిపల్లి లైను దీనికి మంచి పరీక్ష. 1928లో వేశారు, రెండో ప్రపంచ యుద్ధంలో 1940లో పట్టాలు పీకి తీసుకెళ్లారు, 2004లో మళ్లీ వేశారు. మధ్యలో అరవై ఏళ్లకు పైగా కట్ట మాత్రమే మిగిలింది. ఆ కాలపు మ్యాపు తీసుకుని, లైను ఉన్నట్టు చూపిస్తోందా, లేనట్టా, ఉత్త కట్టగానా అన్నది చూస్తే ఆ మ్యాపు సవరణలను ఎంతవరకు నమ్మొచ్చో తెలిసిపోతుంది. యుద్ధాల్లో పట్టాలు పీకడం ఇక్కడొక్కచోటే జరగలేదు. మీ లైను 1914–18 లోనో, 1939–45 లోనో ఉన్నట్టుండి కాగితాల్లోంచి మాయమైతే ముందుగా ఆ కోణంలోనే వెతకండి.

1960 నుంచి 1972 దాకా తీసిన కొరోనా ఉపగ్రహ ఫొటోలను 1995లో బయటపెట్టారు. అమెరికా భూగర్భ సర్వే సైటులో స్కాన్ చేసినవి ఉచితం. పట్టాలు కనిపించవు కానీ, కట్ట, యార్డు ఆకారం, బొగ్గు కుప్పలు, షెడ్లు కనిపిస్తాయి. వేసవిలో తీసినవి ఎంచుకోండి, పంట ఉన్నప్పుడు కట్ట గీత పచ్చదనంలో కలిసిపోతుంది.

భూమి రికార్డుల్లో లైను చావదు

పట్టాలు పోయినా, కట్ట తవ్వేసినా, రెవెన్యూ పటంలో రైల్వే భూమి సన్నటి పట్టీలా మిగిలి ఉంటుంది. ఆంధ్ర వైపు గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం), ఆర్‌ఎస్‌ఆర్ (రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టర్), అడంగల్ తీయండి. తెలంగాణ వైపు సేత్వార్ (సర్వే సెటిల్‌మెంట్ నాటి మూల రికార్డు), పహాణీ. ఒక సర్వే నంబరు చీలి 112/1, 112/2, 112/3 అయి, మధ్యలో ఉన్నది పొడుగ్గా సన్నగా ఉండి, పక్క సర్వే నంబర్లలో కూడా అదే వెడల్పుతో సాగిపోతే అది రోడ్డో, కాలువో, రైలో. రైలు అయితే మలుపు చాలా పెద్ద వ్యాసార్థంతో నిదానంగా తిరుగుతుంది. కాలువ నేల వాలును పట్టుకుని వంకలు పోతుంది. యార్డు ఉన్నచోట పట్టీ చేపలా మధ్యలో ఉబ్బి, రెండు చివర్లా సన్నబడుతుంది.

1894 భూసేకరణ చట్టం కింద తీసుకున్న భూమికి నాలుగో సెక్షన్ నోటిఫికేషన్, ఆరో సెక్షన్ ప్రకటన గెజెట్‌లో వేయాల్సి ఉండేది. సర్వే నంబరు, విస్తీర్ణం, అవసరం అన్నీ అందులో ఉంటాయి. "ఫలానా సైడింగు కోసం" అని రాసి ఉన్న ఆ ఒక్క వాక్యం కొన్నిసార్లు లైను ఎందుకు పుట్టిందో చెప్పే ఏకైక ఆధారం. గెజెట్ తేదీని లైను తేదీ అనుకోవద్దు. భూమి తీసుకుని ఏళ్ల తరబడి పట్టాలు వేయకుండా వదిలేసిన చోట్లు ఎన్నో.

లైను దగ్గరికి వెళ్లినప్పుడు

ముందు అనుమతి. రైల్వే హద్దులోకి అనుమతి లేకుండా వెళ్లడం 1989 చట్టం 147వ సెక్షన్ ప్రకారం నేరం, జైలు శిక్ష కూడా పడొచ్చు. నడుస్తున్న యార్డులో ప్రమాదం ఇంకా ఎక్కువ: తోసి వదిలిన వ్యాగన్లు చప్పుడు లేకుండా వస్తాయి. డివిజన్ ఆఫీసు నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని, సిబ్బంది తోడుగా వెళ్లండి. లేదంటే లెవెల్ క్రాసింగ్, ఓవర్ బ్రిడ్జి, ప్లాట్‌ఫారం మీది నుంచే చూడండి. చూడాల్సినవి చాలావరకు అక్కడినుంచి కనిపిస్తాయి.

పట్టా పక్కవైపు, తలకూ పాదానికీ మధ్య సన్నటి భాగంలో, ఉబ్బెత్తు అక్షరాలుంటాయి: పట్టా రకం, తయారుచేసిన మిల్లు, నెల, సంవత్సరం. తుప్పు పట్టి చదవలేకపోతే ఏటవాలుగా టార్చి వెలుతురు వేయండి, లేదా సుద్దముక్క అడ్డంగా రుద్దండి. అక్షరాలు అసలు లేకపోతే కొలవండి. కొత్త పట్టా మొత్తం ఎత్తు 60 కేజీదైతే 172 మి.మీ., 52 కేజీది 156, 90 ఆర్ 143, 75 ఆర్ 129, 60 ఆర్ 114. తల అరిగితే ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది కాబట్టి పాదం వెడల్పు కూడా చూడండి: వరసగా 150, 136, 136.5, 122, 109.5. ఇందులో 52 కేజీ, 90 ఆర్‌ల పాదాలు దాదాపు ఒకటే, వాటిని ఎత్తుతోనే విడదీయాలి. 'ఆర్' ముందున్న అంకె గజానికి పౌన్లు. 'కేజీ' ముందున్నది మీటరుకు కిలోలు. ఆ పేరున్న పట్టా మెట్రిక్ లెక్కలు వచ్చాకే తయారైంది.

ఇప్పుడు అసలు హెచ్చరిక. పట్టా మీద 1938 అని ఉంటే లైను 1938లో వేశారని కాదు. మెయిన్ లైనులో కొత్త పట్టాలు వేసినప్పుడు తీసిన పాతవాటిని బ్రాంచిలకూ, అక్కడినుంచి యార్డు లైన్లకూ, చివరికి సైడింగులకూ దించుతారు. సైడింగులో ఉన్న పట్టా సాధారణంగా సైడింగు కన్నా పాతది. అది చెప్పేది ఒక్కటే: ఆ పట్టా అక్కడికి 1938కి ముందు వచ్చి ఉండదు. పోత ఇనుము స్లీపర్ల మీద ఉండే సంవత్సరాలకూ, వంతెన గర్డర్ల మీది తయారీ ఫలకాలకూ ఇదే సూత్రం. గర్డర్లు ఒకచోటినుంచి తీసి ఇంకోచోట వేస్తారు. రాతి స్తంభం మాత్రం కదలదు. స్తంభం మీద చెక్కిన సంవత్సరం గర్డరు ఫలకంకన్నా గట్టి సాక్ష్యం.

కిలోమీటరు రాళ్లూ మాట్లాడతాయి. బ్రాంచి లైను లెక్క సాధారణంగా జంక్షన్ దగ్గర సున్నాతో మొదలవుతుంది. మీ లైనులో మొదటి రాయే 37 అని ఉంటే, ఆ ముక్క ఒకప్పుడు ఇంకో దారిలో భాగమని అర్థం, ఆ 37 కిలోమీటర్లు ఎక్కడినుంచి లెక్కపెట్టారో వెనక్కి కొలుచుకుంటూ వెళ్లండి. రెండు రాళ్ల మధ్య దూరం వెయ్యి మీటర్లు లేకపోతే అక్కడ లైను దారి మార్చారు, మిగతా రాళ్లను కదపకుండా తేడాను ఆ ఒక్క కిలోమీటరులో సర్దారు. వంతెన నంబర్లు 14, 14ఏ, 15 అని ఉంటే 14ఏ తర్వాత కట్టినది. చాలాసార్లు వరదలో కట్ట తెగినచోట ఇది కనిపిస్తుంది.

గేజ్ మారిన లైనులో కట్ట పైభాగం వెడల్పు కొలవండి. ఒంటి లైనుకు పాత బ్రాడ్ గేజ్ కట్ట సుమారు 6 మీటర్లు, మీటర్ గేజ్ కట్ట సుమారు 5 మీటర్లు. రెండు గేజ్‌లు కలిసిన చోట సరుకు మార్చే షెడ్డు తప్పక ఉండేది: మధ్యలో ప్లాట్‌ఫారం, అటు ఒక గేజ్, ఇటు ఒక గేజ్. గేజ్ మార్పిడి తర్వాత ఆ షెడ్డుకు పని పోయింది. మిగిలిన గోడల మధ్య దూరం, రెండు వైపులా ప్లాట్‌ఫారం ఎత్తుల తేడా ఇప్పటికీ కొలవొచ్చు.

యార్డు ఎందుకు పెరిగింది, ఎందుకు ఆగింది

యార్డు చోటు ఊరికి దూరంగా ఎందుకుందో నేల చెబుతుంది. బ్రాడ్ గేజ్ యార్డులో వాలు 400 మీటర్లకు 1 మీటరు మించకూడదు, 1,200కి 1 ఉంటే మంచిది. ఎక్కువైతే వదిలిన వ్యాగన్ దానంతటదే దొర్లుతుంది. ఊరి పక్క నేల వాలుగా ఉంటే రెండు కిలోమీటర్ల అవతల చదునైన చోటు వెతుక్కున్నారు. లాంగ్ సెక్షన్ చూస్తే ఇది ఒక్క చూపులో తెలుస్తుంది.

ప్రతి లైను నికర పొడవు, అంటే ఒక చివరి ఫౌలింగ్ మార్కు (పక్క లైను బండికి తగలకుండా నిలవాల్సిన హద్దు) నుంచి ఇంకో చివరిదాకా, రాసుకోండి. ఇదే యార్డు జాతకం. ఒక బాక్స్‌ఎన్ వ్యాగన్ (బొగ్గులాంటివి మోసే, పైకప్పు లేని రకం) కప్లర్లతో కలిపి 10.713 మీటర్లు. 58 వ్యాగన్లకు 621 మీటర్లు. ఇంజను, బ్రేక్ వ్యాను కలిపితే 650 దాటుతుంది. మీ యార్డులో పొడవైన లైను 350 మీటర్లే అయితే, అది నాలుగు చక్రాల వ్యాగన్ల కాలంలో, నాలుగు ఊళ్లకు నాలుగు వ్యాగన్లు విడదీసి పెట్టే రోజుల్లో కట్టింది. 1980ల్లో రైల్వే విడి వ్యాగన్ల రవాణా తగ్గించి మొత్తం రేకును (ఒక బండికి సరిపడా వ్యాగన్ల వరసను) ఒకేచోట ఎక్కించి ఒకేచోట దించే పద్ధతికి మారింది. అప్పుడు ఆ 350 మీటర్ల యార్డులో రేకును రెండు ముక్కలు చేసి పట్టాల్సి వచ్చింది, ఇంజను రెండుసార్లు తిరగాలి, వ్యాగన్లు గంటల తరబడి నిలిచిపోతాయి, ఆలస్య రుసుము పెరుగుతుంది. ఎన్నో చిన్న గూడ్స్ షెడ్లు మూతపడటంలో లారీల పోటీతో పాటు ఈ పొడవుకూ పెద్ద పాత్ర ఉంది. "లారీలు రావడం వల్ల మూసేశారు" అని ఒక్క వాక్యంతో ముగించేముందు టేపు పెట్టి, లేదా ఉపగ్రహ చిత్రం మీద, లైను కొలవండి. తర్వాతి కాలంలో ఒక్క లైను మాత్రమే పొడిగించి, మిగతావాటిని పీకేసి ఉంటే, దాన్ని పూర్తి రేకు కోసమే పొడిగించారని లెక్క సరిపోతుంది.

పాత ఉద్యోగులను అడిగే తీరు

తేదీలు అడగొద్దు. వస్తువులు, చోట్లు, పనులు అడగండి. "రెండో లైనులో ఏ సరుకు దిగేది? టోకెన్ బంతి ఎక్కడ ఇచ్చేవాళ్లు? నీళ్ల కాలమ్ ఏ చివర ఉండేది? రాత్రి షంటింగ్ ఉండేదా? బస్తాకు హమాలీ కూలి ఎవరిచ్చేవాళ్లు?" ఇలా అడిగితే యార్డు మొత్తం గీసి చూపిస్తారు. పాయింట్స్‌మన్, కీమ్యాన్, గూడ్స్ క్లర్కు, హమాలీ మేస్త్రీ, ఒక్కొక్కరికి యార్డులో ఒక్కో మూల తెలుస్తుంది. కాలం తేల్చడానికి అందరికీ గుర్తుండే సంఘటన ఆసరాగా పెట్టుకోండి: 1974 మే రైల్వే సమ్మెకు ముందా తర్వాతా? 1977 నవంబరు దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా? ఆవిరి ఇంజను ఉన్నప్పుడా, డీజిల్ వచ్చాకా? "సుమారు 1970" అన్న మాటకన్నా "సమ్మెకు ముందు, ఆవిరి ఇంజను కాలంలో" అన్నది చాలా గట్టి ఆధారం. ఇద్దరి నుంచి వేరువేరుగా, ఒకరి మాట ఇంకొకరికి చెప్పకుండా తీసుకోండి.

రాసేటప్పుడు

ఆరు గడుల పట్టిక పెట్టుకోండి: ఏం జరిగింది, పత్రంలో ఉన్న తేదీ, మార్చిన తేదీ, ఏ పత్రం, ఆ పత్రం ఎప్పుడు రాసింది, ఎంతవరకు నమ్మొచ్చు. అయిదో గడి చాలామంది వదిలేస్తారు. సంఘటన జరిగిన ఏడాదే రాసిన కాగితానికీ, నలభై ఏళ్ల తర్వాత జూబిలీ సంచికలో వేసిన వాక్యానికీ బరువు ఒకటి కాదు. జూబిలీ సంచికల్లో తేదీలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటూ పోయినవే ఎక్కువ. మూడు చోట్ల ఒకే తేదీ కనిపించినంత మాత్రాన మూడు సాక్ష్యాలున్నట్టు కాదు.

యార్డు ప్లాన్లను కాలం వారీగా ఒకే స్కేలుకు మార్చి, ఒకదాని మీద ఒకటి పెట్టండి. కదలనివి రెండు మూడు ఎంచుకుని వాటి మీద సరిచూడండి: వంతెన స్తంభం, స్టేషన్ భవనం మూల, లెవెల్ క్రాసింగ్ మధ్య బిందువు. పాయింట్ల మీద సరిచూడొద్దు, అవి కదులుతాయి. లైన్లకు నంబర్లు రాసేటప్పుడు ఏ సంవత్సరం నంబరింగు వాడారో చెప్పండి. కొత్త లైను పడినప్పుడు అన్ని నంబర్లూ ఒక అంకె జరిగిపోతాయి, 1960లో మూడో లైను 1990లో నాలుగోది కావచ్చు.

రెండు పత్రాలు పొసగకపోతే ఒకదాన్ని దాచిపెట్టి రెండోది మాత్రమే రాయొద్దు. రెండూ రాసి, ఏది ఎందుకు మేలో ఒక వాక్యంలో చెప్పండి. ఇంకో పదేళ్లకు ఎవరికో మూడో పత్రం దొరికినప్పుడు, మీరు దేన్ని చూసి ఏం తేల్చారో తెలిస్తేనే దాన్ని సరైన చోట పెట్టగలరు. ఒప్పందాల్లో కనిపించే ప్రైవేటు వ్యక్తుల పేర్లు, చిరునామాలు, భూమి కోల్పోయిన రైతుల వివరాలు ప్రచురించేటప్పుడు తీసేయండి, సర్వే నంబరు, విస్తీర్ణం చాలు. స్కాన్ చేసిన ప్రతి షీటు వెనకవైపు కూడా స్కాన్ చేయండి: ప్లాను నంబరు, ఫైలు నంబరు, ఏ ఆఫీసుకు ఎప్పుడు పంపారన్న ముద్రలు సాధారణంగా అక్కడే ఉంటాయి.